బోర్డులో కూర్చోబోయే మేనకోడలికి

హనుమకొండ

తల్లీ,

షేర్ మార్కెట్లో ఉన్న లిస్టెడ్ కంపెనీలో నిన్ను స్వతంత్ర డైరెక్టరుగా, అంటే యజమానులతో సంబంధం లేని బోర్డు సభ్యురాలిగా తీసుకుంటున్నారని మీ నాన్న ఫోను చేశాడు. ఆ పూటే వీధంతా చెప్పుకొచ్చాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

స్వతంత్ర డైరెక్టర్ల డేటాబ్యాంకులో పేరు నమోదు, దాని పరీక్ష, బ్యాలెన్స్ షీటు సంగతులు నీకు నేను నేర్పాలా? సీఏవి.

నా భయం వేరు. నేను బ్యాంకులో ఉండగా వరంగల్ ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల పత్తి జిన్నింగు మిల్లుల రుణ ఫైళ్లు నా బల్ల మీదికే వచ్చేవి. ప్రైవేటు కంపెనీకి కనీసం ఇద్దరు డైరెక్టర్లు ఉండాలి కదా, భర్త ఒకరు, భార్య ఇంకొకరు. ఒకావిడ భర్త పెన్సిలుతో ఇంటూ గుర్తు పెట్టిన చోటల్లా సంతకం చేసి, "అయిపోయిందా మేడం, పిల్లలు బడి నుంచి వచ్చే వేళైంది" అంటూ లేచింది. ఆ కాగితాల్లో కంపెనీ అప్పు కట్టకపోతే తన ఆస్తితో తీరుస్తానన్న ఆవిడ వ్యక్తిగత హామీ పత్రమూ ఉంది. మిల్లు మునిగాక వచ్చిన నోటీసు పట్టుకుని, "నేను డైరెక్టరునా?" అని నన్నే అడిగింది. పసుపు కుంకుమల కింద పుట్టింటివాళ్లు ఇచ్చిన ఇంటి స్థలం వేలానికి పోయింది.

పెద్ద కంపెనీలేం తక్కువ తినలేదు. బోర్డులో కనీసం ఒక మహిళ ఉండాలని 2013 కంపెనీల చట్టం చెబితే, 2015 ఏప్రిల్ 1 గడువు ముంచుకొచ్చేసరికి పలువురు ప్రమోటర్లు, అంటే కంపెనీ యజమానులు, భార్యనో కూతురినో కూర్చోబెట్టి చేతులు దులుపుకొన్నారు. అందుకే షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ మార్కెట్ విలువలో మొదటి 1000 కంపెనీల్లో స్వతంత్ర మహిళా డైరెక్టరు ఉండి తీరాలని 2020 నాటికి బిగించింది. నిన్ను కోటా మనిషి అంటే ఉడుక్కోకు. అలా అన్నవాళ్లలో చైర్మన్ కాలేజీ స్నేహితులు ఎందరో లెక్క తీయి.

అక్కడ ఆడమనిషివి నువ్వొక్కదానివే అవుతావేమోనని బెంగ. నార్వేలో కోటా 40 శాతం, తోడైనా ఉంటుంది. అయితే అక్కడా పై కుర్చీలు నిండాయే గానీ కింది ఉద్యోగినులకు పెద్దగా ఒరిగింది లేదని పరిశోధకులు తేల్చారు. మేనేజర్లలో ఆడవాళ్లెందరో మొదటి సమావేశంలోనే అడుగు.

సమావేశంలో జరిగినదాని రికార్డు, అదే మినిట్స్, ముసాయిదా 15 రోజుల్లో వస్తుంది, అభ్యంతరానికి 7 రోజులే. పెళ్లిళ్లున్నాయి, తర్వాత చూస్తానంటే ఊరుకోను. నువ్వు కాదన్నది కాదన్నట్టే రాయించు. నీకు తెలిసి, నీ సమ్మతితో జరిగిన తప్పుకే కాదు, నువ్వు శ్రద్ధ పెట్టకపోయినా ఆ కంపెనీల చట్టం 149వ సెక్షన్ నిన్ను వదలదు.

అజెండా కాగితాలు నాకు చూపించకు, అవి బయటపెట్టకూడనివి. చదివానని మాత్రం ఫోను చెయ్యి. సమావేశానికి ఖాళీ కడుపుతో వెళ్లకు.

మీ అత్త