మీ ప్రశ్న, లాయరమ్మ జవాబు: సరిహద్దు దాటి వచ్చినవాళ్ల గురించి

పోయిన నెల, ఛత్తీస్‌గఢ్ నుంచి సరిహద్దు దాటి వచ్చి మన అడవుల్లో ఉంటున్న గుత్తికోయ ఆదివాసుల మీద ఒక చిన్న ప్రశ్నకు జవాబు రాశాను. దాని మీద చాలా ఉత్తరాలు వచ్చాయి. కొన్నిటిలో కోపం ఉంది, ఎక్కువ వాటిలో భయం ఉంది. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఆ ఉత్తరాలకే.

ప్రశ్న: అమ్మా, ఏటా మా మిర్చి కోతకు గుత్తికోయ గుంపు నుంచి కూలీలు వస్తారు. పని బాగా చేస్తారు, గొడవల్లేవు. మొన్న మా బావమరిది, "వాళ్లు నక్సలైట్ల మనుషులు, చేలో పెట్టుకుంటే రేపు నీ మీదకే వస్తుంది" అన్నాడు. అప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. అసలు వీళ్లెవరు? మా వైపు ఎందుకొచ్చారు?
– ఒక రైతు, ఖమ్మం జిల్లా

జవాబు: వీళ్లు ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా, బీజాపూర్, దంతెవాడ ప్రాంతాల ఆదివాసులు. అప్పట్లో ఈ మూడూ కలిపి ఒకటే దంతెవాడ జిల్లా. మిర్చి కోతకు ఇటు రావడం వాళ్లకు పాత అలవాటే. కోతలయ్యాక ఊళ్లకు తిరిగి వెళ్లిపోయేవారు. 2005 తర్వాత చాలామందికి తిరిగి వెళ్లడానికి ఊరు లేకుండా పోయింది.

ఆ ఏడాది జూన్‌లో అక్కడ సల్వాజుడుం మొదలైంది. మావోయిస్టుల మీద జనం తిరగబడ్డారని పేరు. ముందుండి నడిపింది కాంగ్రెస్ నాయకుడు మహేంద్ర కర్మ, వెనక నిలబడింది అప్పటి బీజేపీ ప్రభుత్వం. మావోయిస్టుల పెత్తనంతో విసిగినవాళ్లు అందులో నిజంగానే ఉన్నారు, అది అబద్ధం కాదు. కానీ కొన్ని నెలల్లోనే అది ఊళ్లు ఖాళీ చేయించే పనిగా మారింది. రోడ్డు పక్క శిబిరానికి వస్తే మావాడివి, ఊళ్లో ఉండిపోతే వాళ్లవాడివి అన్నారు. ఇళ్లు కాల్చారు. అవతల మావోయిస్టులు శిబిరాలకు వెళ్లినవాళ్లను ద్రోహులన్నారు. 2006 జులైలో ఎర్రబోరు శిబిరం మీద రాత్రిపూట దాడి చేసి 30 మందికి పైగా చంపారు. వాళ్లంతా పొలం, ఇల్లు వదిలి అక్కడ తలదాచుకున్నవాళ్లే.

శిబిరానికీ వెళ్లలేక, ఊళ్లోనూ ఉండలేక మిగిలినవాళ్లు చింతూరు, చర్ల, వెంకటాపురం దారుల్లో ఇటు నడిచొచ్చారు. భద్రాచలంలో ప్రాక్టీసు చేసే రోజుల్లో నాకు అలాంటి క్లయింటు ఒకాయన ఉండేవాడు. ఆయనకు ఇద్దరు కొడుకులు. మావోయిస్టుల సంఘంవాళ్లు ఇంటికొకణ్ని పంపమన్నారట. తర్వాత జుడుంవాళ్లొచ్చి వాళ్లూ ఇంటికొకణ్ని పంపమన్నారట. "చెరొకరిని పంపితే వాళ్లిద్దరే ఎదురెదురుగా నిలబడి కాల్చుకుంటారు కదా" అన్నాడు. గింజ కోతకు రాకముందే చేను వదిలేసి, ఇద్దరినీ తీసుకుని వచ్చేశాడు. ఆయన్ని ఇక్కడి పోలీసులు మావోయిస్టు సానుభూతిపరుడని అరెస్టు చేశారు. బెయిలు కోసం నేను వాదించిన విషయం ఒక్కటే: ఈయన వాళ్ల దగ్గరి నుంచి పారిపోయి వచ్చినవాడు.

కాబట్టి మీ బావమరిదికి ఈ సంగతి చెప్పండి. కూలికి పిలవడం నేరం కాదు. పూర్తి కూలి ఇవ్వండి, ముఠామేస్త్రీ చేతికి కాకుండా ఎవరిది వాళ్ల చేతికే ఇవ్వండి. పేర్లు, పనిచేసిన రోజులు ఒక నోటుపుస్తకంలో రాసి ఉంచుకోండి. రేపు ఎవరైనా అడిగితే అది మీకూ వాళ్లకూ పనికొస్తుంది.

ప్రశ్న: మేడం, మీ జవాబుల్లో ప్రభుత్వాన్ని ఎక్కువగా తప్పుపడతారు. మావోయిస్టులు చంపినవాళ్ల సంగతేమిటి? మీరు ఎటు వైపు?
– డిగ్రీ విద్యార్థి, వరంగల్

జవాబు: సూటిగా అడిగావు బాబూ, సూటిగానే చెబుతాను. ఇన్‌ఫార్మర్ అన్న ఒక్క మాట మీద మనిషిని గొడ్డలితో నరకడాన్ని నేను ఏ సిద్ధాంతం పేరుతోనూ ఒప్పుకోను. 2018 సెప్టెంబరులో డుంబ్రిగూడ మండలం లివిటిపుట్టు దగ్గర అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావునూ మాజీ ఎమ్మెల్యే సివేరి సోమనూ ఆపి కాల్చేశారు. ఇద్దరూ గిరిజనులే. 2024 నవంబరులో ములుగు జిల్లా వాజేడు మండలంలో ఇద్దరు అన్నదమ్ములను ఇంటి దగ్గరే చంపారు, అందులో ఒకరు పంచాయతీ కార్యదర్శి. పోలీసుల కోసం పెట్టిన ప్రెషర్ బాంబు మీద వంటచెరకుకు వెళ్లినవాడు కాలు పెడితే, ఆ చావుకు జవాబు చెప్పేవాడే లేడు.

అయినా ప్రభుత్వాన్నే ఎక్కువ నిలదీస్తాను. మావోయిస్టుల ప్రజాకోర్టు శిక్ష వేస్తే అప్పీలు చేసుకునే చోటు లేదు. ప్రభుత్వం మీద అయితే రాజ్యాంగం ఉంది, కోర్టు ఉంది, అది కట్టుబడి తీరాలి. 2012 జూన్‌లో బీజాపూర్ జిల్లా సార్కేగూడలో 17 మందిని కాల్చి, ఎన్‌కౌంటర్‌లో మావోయిస్టులు చనిపోయారన్నారు. విచారణ జరిపిన జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్, చనిపోయినవాళ్లు మావోయిస్టులని ఆధారం లేదని తేల్చింది. ఆ నివేదిక బయటికొచ్చింది 2019లో. ఏడేళ్లు ఆ ఊరివాళ్లు నక్సలైట్ల కుటుంబాలుగానే బతికారు. ఈ పని చేసినది పన్నులతో నడిచే బలగం. అందులో నీ డబ్బుంది, నా డబ్బుంది.

సల్వాజుడుం కేసు కూడా చదువు. సామాజిక శాస్త్రవేత్త నందినీ సుందర్, చరిత్రకారుడు రామచంద్ర గుహ, మన విశాఖపట్నానికి చెందిన మాజీ ఐఏఎస్ ఇ.ఎ.ఎస్. శర్మ సుప్రీంకోర్టులో పిటిషన్ వేశారు. 2011 జులై 5న జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ నిజ్జర్ తీర్పిచ్చారు. అయిదో తరగతి చదివిన ఆదివాసీ కుర్రాళ్లకు నెలకు 3 వేల రూపాయల గౌరవవేతనం ఇచ్చి, చేతికి తుపాకీ ఇచ్చి ముందు వరుసలో నిలబెట్టడం రాజ్యాంగ విరుద్ధమన్నారు. ఆ కుర్రాళ్ల ప్రాణాల గురించి కూడా ఆ తీర్పు బాధపడింది. తర్వాత ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఏం చేసింది? కొత్త చట్టం తెచ్చి వాళ్లనే సహాయక సాయుధ బలగంలోకి తీసుకుంది.

ప్రశ్న: ఆంధ్రాలో గ్రేహౌండ్స్ వల్లే నక్సలిజం తగ్గింది కదా. గట్టిగా అణిచివేస్తే పనవుతుందని రుజువైనట్టేగా? ఇంకా ఈ హక్కుల గోల ఎందుకు?
– విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: తగ్గింది నిజమే. 1989లో పెట్టిన గ్రేహౌండ్స్ అడవి యుద్ధంలో ఆరితేరిన బలగం. వాళ్లూ ప్రాణాలిచ్చారు. 2008 జూన్ 29న బలిమెల రిజర్వాయర్‌లో వాళ్ల లాంచీ మీద జరిగిన దాడిలో 38 మంది పోయారు. 2025 మేలో వాజేడు దగ్గర మందుపాతరకు ముగ్గురు బలయ్యారు. ఆ ఇళ్లలో పిల్లలున్నారు. వాళ్ల గురించి రాయకుండా నేను హక్కుల గురించి రాయలేను.

కానీ వాకపల్లి గురించి కూడా మీరు తెలుసుకోవాలి. జి. మాడుగుల మండలంలోని ఊరు. 2007 ఆగస్టు 20న కూంబింగ్‌కు వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది కోందు తెగ మహిళలు ఫిర్యాదు చేశారు. తీర్పు 2023 ఏప్రిల్ 6న వచ్చింది. దర్యాప్తు సరిగా జరగలేదంటూ కోర్టు నిందితులను వదిలేసింది, బాధితులకు పరిహారం ఇవ్వమంది. ఈ రెండు మాటలూ ఒకే తీర్పులో ఉన్నాయి, కాస్త ఆగి చూడండి. దాదాపు పదహారేళ్లు ఆ ఆడవాళ్లు కొండ దిగి, బస్సెక్కి, తమది కాని భాషలో అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పారు. ఎక్కడా మాట మార్చలేదు. కోర్టు పనిలో ఉన్నదాన్ని కాబట్టి అదెంత కష్టమో నాకు తెలుసు. పోలీసులు, మెజిస్ట్రేటు, డాక్టరు వేళకు చేయాల్సిన పని చేసి ఉంటే అదే ఏడాది తేలిపోయే కేసు అది.

అణిచివేతతో పనవుతుందా అంటే, తుపాకులు తగ్గుతాయి. కానీ శ్రీకాకుళం గిరిజనోద్యమం నాటి నుంచీ చూడండి, గొడవ భూమి దగ్గర మొదలైంది. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్నలను భూస్వాముల మనుషులు కాల్చి చంపారు. గిరిజన భూమి గిరిజనేతరులకు బదిలీ కాకుండా 1/70 చట్టం ఆ తర్వాత వచ్చింది. భద్రాచలంలో నా దగ్గరికి వచ్చిన భూమి కేసుల్లో సగం ఆ చట్టాన్ని ఎలా తప్పించుకున్నారన్నవే. బినామీ పేరు, ఇంట్లో పనిచేసే గిరిజన అమ్మాయి పేరు, ఎన్నెన్నో దారులు. హక్కుల గోల అని మీరన్నది వీటి గురించే.

ప్రశ్న: హిడ్మా చనిపోయాడు, పెద్ద నాయకులు లొంగిపోయారు. ఇక అంతా అయిపోయినట్టేనా?
– గృహిణి, రాజమహేంద్రవరం

జవాబు: సాయుధ దళాల వరకు చాలా దెబ్బతిన్నారమ్మా. 2025 మే 21న మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాళ్ల కేశవరావు అబూజ్‌మాడ్‌లో చనిపోయారు. అక్టోబరులో మల్లోజుల వేణుగోపాల్ గడ్చిరోలిలో లొంగిపోయారు. నవంబరు 18న మీకు దగ్గర్లోనే మారేడుమిల్లి అడవుల్లో వాళ్ల కమాండర్ మాడ్వి హిడ్మా చనిపోయాడు. కానీ మందుపాతరలు నేలలోనే ఉన్నాయి, వాటిని ముందు తీయాలి. కేసుల్లో ఇరుక్కున్న మామూలు ఊరివాళ్ల ఫైళ్లు చూడాలి. బలగాలు క్యాంపు పెట్టిన ప్రతిచోటా బడి, ఏఎన్‌ఎం కూడా రావాలి. ఒకప్పుడు బడులను మావోయిస్టులు పేల్చారు, మిగిలినవాటిలో బలగాలు దిగాయి, ఖాళీ చేయమని సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఆ తరం పిల్లలకు ఇప్పుడు పాతికేళ్లు దాటాయి.

ప్రశ్న: నేను ఒక గుత్తికోయ గుంపులో పిల్లలకు చదువు చెబుతున్నాను. వానల్లోపు ఖాళీ చేయాలని ఫారెస్టు సిబ్బంది నోటితో చెప్పి వెళ్లారు. రేషన్ లేదు. బడిలో కుల ధ్రువపత్రం అడుగుతున్నారు. ఏం చేయాలి?
– ఒక వాలంటీర్, ములుగు జిల్లా

జవాబు: తమ్ముడూ, 2017లో తాడ్వాయి మండలం జలగలంచలో గుడిసెలు కూల్చిన సంగతి నీకు తెలిసే ఉంటుంది. మళ్లీ అలా జరగకూడదంటే కాగితం ముఖ్యం. నోటిమాటకు కదలొద్దు, నోటీసు రాతపూర్వకంగా ఇమ్మని అడగండి. గొడవ పడకండి, అటవీ సిబ్బందిపై చేయి ఎత్తకండి. 2022లో ఎర్రబోడులో ఒక రేంజ్ అధికారిని చంపారు. ఆ దారుణం తర్వాత ఆ పనితో సంబంధం లేని గుంపులు కూడా అనుమానం మోశాయి.

ప్రతి కుటుంబం ఏ ఏడాది, ఏ నెలలో వచ్చిందో రాయి. 2006 అటవీ హక్కుల చట్టంలో కటాఫ్ తేదీ 2005 డిసెంబరు 13. జుడుం మొదలైంది అదే ఏడాది జూన్‌లో కాబట్టి, డిసెంబరు 13కు ముందే వచ్చి ఆ భూమి మీద ఉంటున్న కుటుంబాలు గ్రామసభ ద్వారా క్లెయిమ్ వేయవచ్చు; అయితే ఈ తేదీ చాలేది ఇక్కడ ఎస్టీలుగా గుర్తింపు ఉన్నవాళ్లకే, ఆ గుర్తింపు మీద అభ్యంతరం రావచ్చు. హక్కుదారు కాని పెద్దమనిషి చెప్పిన మాటను రాసి పెడితే అదీ సాక్ష్యమే, నిబంధనల్లో ఉంది. అర్హుల క్లెయిమ్ పరిశీలన ముగిసేదాకా ఖాళీ చేయించకూడదని సెక్షన్ 4(5) చెబుతుంది. తర్వాత వచ్చినవాళ్ల పరిస్థితి కష్టం, దాచను. తుపాకులకు భయపడి 2006లో వచ్చినవాడికి ఆ తేదీతో హక్కు తెగిపోవడం నాకు న్యాయంగా అనిపించదు. వాళ్ల తరఫున, పునరావాసం చూపకుండా కదిలించవద్దని హైకోర్టును అడగాలి.

ఎస్టీ జాబితా రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది, అక్కడి గుర్తింపు ఇక్కడ దానంతటదే రాదు. కానీ బడిలో చేర్చుకోవడానికి కుల ధ్రువపత్రం అక్కర్లేదు. వయసు కాగితం లేకపోయినా చేర్చుకోవాలని విద్యాహక్కు చట్టం చెబుతోంది. ఛత్తీస్‌గఢ్‌లో ఆహార భద్రత కార్డు ఉండి, ఆధార్ జతయినవాళ్లు ఇక్కడి రేషన్ షాపులోనే బియ్యం తీసుకోవచ్చు. ఎవరి దగ్గర పాత కార్డు ఉందో ఇల్లిల్లూ తిరిగి అడుగు.

ఇవన్నీ చేయడానికి లాయరు ఫీజు అక్కర్లేదు. న్యాయసేవల చట్టం కింద మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత సాయం దొరుకుతుంది, ఎస్టీ ధ్రువపత్రం చూపించనక్కర్లేదు. కాబట్టి దరఖాస్తులు గుంపులోని ఆడవాళ్ల పేర్ల మీద రాయించు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యాలయం కోర్టు ఆవరణలోనే ఉంటుంది. కోయ భాష తెలిసినవాళ్లను వెంట తీసుకెళ్లు, ఇచ్చిన ప్రతి కాగితానికీ తేదీ వేసిన రసీదు అడుగు. నోటీసు చేతికొస్తే దాని నకలు ఈ పత్రిక చిరునామాకు నా పేరున పంపు, పిటిషన్ నేను రాసిస్తాను.