యువ రచయితకు లేఖ: ఆ నీడని కొలిచి చూపించు

తమ్ముడూ,

ప్రాచీన గ్రీకు శాస్త్రవేత్తల మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి రాత్రి పడుకునే ముందు, రెండోసారి పొద్దున్నే కాఫీ తాగుతూ, చేతిలో పెన్సిల్ పెట్టుకుని. భాష బావుంది, వాక్యం ఎక్కడా తడబడలేదు, చాలా చదివి రాశావని తెలిసిపోతోంది. కానీ థేలీస్‌తో మొదలుపెట్టి హైపేషియా దాకా తొమ్మిది పేజీల్లో ఇరవైమందికి పైగా గ్రీకుల్ని వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరికీ రెండు మూడు వాక్యాలు పంచేశావు. ఆయన కనిపెట్టాడు, ఈయన ప్రతిపాదించాడు, ఇంకొకాయన ఫలానా శాస్త్రానికి పితామహుడు. చదవడం అయ్యాక కాగితాలు పక్కన పెట్టి, నాకేం గుర్తుందో అని చూసుకుంటే పేర్లు తప్ప ఏమీ మిగల్లేదు, ఆ పేర్లు పోటీ పరీక్షల గైడులోనూ ఉన్నాయి.

వాళ్ళకి ఏం తెలుసో చాలామంది రాసేశారు. ఎలా తెలిసిందో నువ్వు రాయి.

ఎరటోస్తనీస్ సంగతే తీసుకో. "భూమి చుట్టుకొలతను ఖచ్చితంగా లెక్కించిన మేధావి" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. అసలు ఆయన చేసింది చూడు. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దం, ఆయన అలెగ్జాండ్రియా గ్రంథాలయానికి అధిపతి. ఈజిప్టులోనే దక్షిణాన సైనీ అనే ఊరు, ఇవాళ్టి అస్వాన్. ఏడాదిలో పగలు బాగా పొడుగ్గా ఉండే రోజున, మిట్టమధ్యాహ్నం అక్కడ సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు, కర్ర నిలబెడితే నీడ దాదాపు పడదు. అదే రోజు అదే వేళకి ఉత్తరాన అలెగ్జాండ్రియాలో మాత్రం నీడ పడుతుంది, ఆ నీడ చూపించే కోణం పూర్తి వృత్తంలో 50వ వంతు. సూర్యుడు ఎంతో దూరంలో ఉన్నాడు కాబట్టి రెండు ఊళ్ళకీ కిరణాలు సమాంతరంగానే వస్తాయి, అయినా ఒకచోట నీడ ఉండి ఇంకోచోట లేదంటే మధ్యలో నేల వంగి ఉండాలి. ఎంత వంగింది? వృత్తంలో 50వ వంతు. రెండు ఊళ్ళకీ మధ్య దూరం 5,000 స్టేడియాలని (అప్పటి గ్రీకుల దూరపు కొలత) లెక్క, దాన్ని 50తో గుణిస్తే 2,50,000 స్టేడియాలు. ఆ గుణకారం ఐదో తరగతి పిల్లలు కూడా చేస్తారు. దానికి ముందున్న ఆలోచన దగ్గర నువ్వు ఆగాలి, పాఠకుణ్ణీ ఆపాలి, ఎందుకంటే ఊరు దాటకుండా, ఒక నీడని చూసి, భూమి మొత్తాన్ని కొలవొచ్చని ఒక మనిషికి తట్టింది అక్కడే.

ఇక ఆ 'ఖచ్చితంగా' అనే మాట కొట్టెయ్యి. స్టేడియా అంటే ఎంత పొడవో పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. 157.5 మీటర్లనుకుంటే చుట్టుకొలత 39,375 కిలోమీటర్లు వస్తుంది, అసలు విలువ సుమారు 40,000 కనుక ఆహా అనిపిస్తుంది. 185 మీటర్లనుకుంటే 46,250 వస్తుంది. తమకి నచ్చిన కొలత ఎంచుకుని "ఒక్క శాతం తేడా" అని రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు, నువ్వు వాళ్ళలో చేరకు. పైగా సైనీ, అలెగ్జాండ్రియాకి సరిగ్గా దక్షిణాన లేదు, కొంచెం తూర్పుకి ఉంది. ఇవన్నీ రాస్తే ఆయన గొప్పతనం తగ్గిపోతుందని భయపడకు. పద్ధతి సరైనదైతే కొలతలు తర్వాత ఎవరైనా సరిచేసుకోవచ్చు, ఆ వీలు కల్పించాడు కాబట్టే ఆయన గొప్పవాడు.

ఇదంతా నాకు మొదట్నుంచీ తెలిసి చెప్తున్నది కాదు. చాలా ఏళ్ళ క్రితం ఒక పత్రికకి ఆర్కిమిడీస్ మీద వ్యాసం రాశాను. స్నానపు తొట్టిలోంచి లేచి "యురేకా" అంటూ వీధిలోకి పరిగెత్తడం, రాజుగారి కిరీటం, అన్నీ నా కళ్ళతో చూసినట్టే రాశాను. రెండు వారాలకి ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారి దగ్గర్నుంచి ఇన్‌లాండ్ లెటర్ వచ్చింది. ఆ కథ మనకి చెప్పింది విట్రూవియస్ అనే రోమన్ వాస్తుశిల్పి అనీ, ఆయన ఆర్కిమిడీస్ పోయిన సుమారు రెండు వందల ఏళ్ళకి రాశాడనీ, ఆర్కిమిడీస్ రాతల్లో తొట్టీ లేదు యురేకా లేదు అనీ మర్యాదగా చెప్పారు. చదువుతుంటే సిగ్గేసింది. కానీ ఆ ఉత్తరం అక్కడితో అయిపోలేదు. మిగిలిన సగంలో ఆయన చేత్తో బొమ్మ వేసి, ఆర్కిమిడీస్ 'పై' (π) విలువని, అంటే వృత్తం చుట్టుకొలత దాని వ్యాసానికి ఎన్ని రెట్లో, ఎలా పట్టుకున్నాడో వివరించారు. వృత్తం లోపల ఆరు భుజాల బొమ్మ ఒకటి, బయట ఇంకొకటి. లోపలిదాని చుట్టుకొలత వృత్తం కంటే తక్కువ, బయటిదాని చుట్టుకొలత ఎక్కువ. ఆరుని పన్నెండు చెయ్యి, ఇరవై నాలుగు చెయ్యి, నలభై ఎనిమిది, తొంభై ఆరు. లోపలిదీ బయటిదీ దగ్గరవుతూ వస్తాయి, మధ్యలో వృత్తం చిక్కుకుపోతుంది. చివరికి పై విలువ 3 10/71 కంటే ఎక్కువ, 3 1/7 కంటే తక్కువ అని తేలింది.

మనం బళ్ళో 22/7 అని బట్టీ పట్టాం కదా, అది ఈ 3 1/7నే. అయితే పై విలువ ఇదీ అని ఆయన అనలేదు, ఇంతకంటే తక్కువ అని మాత్రమే అన్నాడు. తనకి తెలిసినది ఎక్కడిదాకా వస్తుందో గీత గీసి చూపించాడు. తొట్టి కథ కంటే నాకు ఇది వందరెట్లు ఇష్టం. ఆ ఇన్‌లాండ్ లెటర్ ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది.

యూక్లిడ్ గురించి రాసిన పేరాలో ఒక తప్పుంది, అచ్చులోకి వెళ్ళకముందే దిద్దుకో. ప్రధాన సంఖ్యలకి అంతం లేదనే నిరూపణ ఆయన 'ఎలిమెంట్స్' తొమ్మిదో పుస్తకంలో 20వ ప్రతిపాదన. నీ దగ్గరున్న ప్రధాన సంఖ్యలన్నిటినీ గుణించి ఒకటి కలుపు, వచ్చిన సంఖ్య ప్రధాన సంఖ్యే అవుతుంది అని రాశావు. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. 2, 3, 5, 7, 11, 13 గుణించి ఒకటి కలిపితే 30,031 వస్తుంది. అది ప్రధాన సంఖ్య కాదు, 59ని 509తో గుణిస్తే వచ్చేది. యూక్లిడ్ చెప్పినది వేరు: ఆ సంఖ్య తనే ప్రధాన సంఖ్య కావచ్చు, కాకపోతే దాన్ని భాగించే ప్రధాన సంఖ్య ఒకటి ఉంటుంది, అది నీ జాబితాలోది మాత్రం కాదు, ఎందుకంటే జాబితాలోని దేనితో భాగించినా ఒకటి మిగులుతుంది. చూడు, 59 నీ జాబితాలో లేదు. ఈ ఆరు అంకెలూ వేసి చూపిస్తే చాలు, లెక్కలంటే టెన్షన్ పడేవాళ్ళు కూడా ఒక్క క్షణం ఆగి కాగితం తీస్తారు.

"అన్నీ మనవాళ్ళే ముందు కనిపెట్టారు" అనేవాళ్ళకి ఏం జవాబు చెప్పాలని అడిగావు. వాదనకి దిగొద్దు. పైథాగరస్ పేరుతో మనం చదివే సంబంధం ఆయనకి వెయ్యేళ్ళకి పైగా ముందే బాబిలోనియా వాళ్ళ మట్టి పలకల మీద ఉంది, యజ్ఞవేదికల కొలతలు చెప్పే మన బౌధాయన శుల్బసూత్రాల్లోనూ ఉంది. ఉన్నది ఉన్నట్టు రాయి. గ్రీకుల దగ్గర నాకు కొత్తగా కనిపించేది, అది ఎందుకు నిజమో మొదటి మెట్టు నుంచి నిరూపించి తీరాలనే పట్టుదల. ఇచ్చిపుచ్చుకోవడాల గురించి రాయాలనిపిస్తే మన మాటల్లోనే బోలెడంత ఉంది. 'కేంద్రం' అని రోజుకి పదిసార్లు అంటాం, అది గ్రీకు 'కెంట్రాన్'. అంటే ముల్లుగర్ర, ఆ తర్వాత వృత్తం గీసేటప్పుడు ముల్లు గుచ్చే చోటు. జ్యోతిషంలోని 'హోర' కూడా వాళ్ళదే. యవనులు, అంటే గ్రీకులు, మ్లేచ్ఛులైనా ఈ శాస్త్రం వాళ్ళ దగ్గర చక్కగా ఉంది కాబట్టి ఋషుల్లాగా పూజలందుకుంటున్నారని 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు 'బృహత్సంహిత'లో రాశాడు. ఇటునుంచి అటు వెళ్ళినదీ ఉంది: మన గణితంలోని 'జ్య' (అంటే వింటినారి) అరబ్బుల చేతుల్లో మారి, లాటిన్‌లోకి పోయి, ఇవాళ త్రికోణమితిలో 'సైన్' అయి మళ్ళీ మన పిల్లల పుస్తకాల్లోకి వచ్చింది. ఈ ఒక్క పదం ప్రయాణమే నీకు ఒక వ్యాసం.

వాళ్ళ పొరపాట్లు కూడా దాచకు. బరువైన వస్తువు త్వరగా పడుతుందని అరిస్టాటిల్ అన్నాడు. గ్రీకు వైద్యుడు గేలెన్ కోతుల్నీ మిగతా జంతువుల్నీ కోసి చూసి, అదే మనిషి శరీరమనుకున్న చోట్లు ఉన్నాయి, వాటిని 1543లో వెసేలియస్ సరిచేశాడు.

ఇప్పుడు ఒక పని చెప్తాను. ఇరవైమందినీ పక్కన పెట్టి ఎరటోస్తనీస్ ఒక్కడి మీదే కొత్తగా రాయి. రాసేముందు నీడ నువ్వే కొలువు. నువ్వుండేది హైదరాబాద్, అక్కడ మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో ఒకసారి, మధ్యాహ్నం పన్నెండు దాటాక కొన్ని నిమిషాలకి సూర్యుడు నడినెత్తికి వస్తాడు. నాగపూర్‌లో మీ పిన్ని కొడుకు ఉన్నాడన్నావు కదా, ఆ ఊరు దాదాపు నీకు సరిగ్గా ఉత్తరాన, తిన్నగా 420 కిలోమీటర్ల దూరంలో ఉంది. అదే రోజు అదే వేళకి అతన్ని మీటరు కర్ర నిలబెట్టమను. నీ కర్రకి నీడ ఉండదు, అతని కర్రకి సుమారు ఆరున్నర సెంటీమీటర్ల నీడ పడుతుంది. కోణం మూడు డిగ్రీల ముప్పావు, మిగతా లెక్క నువ్వే వేసుకో. ఆగస్టులో మబ్బు పడితే మాత్రం మే దాకా ఆగాల్సిందే. ఆగు, తొందరేం లేదు. నీడ పోయిన కర్ర ఫోటో, అతను కొలిచిన అంకె, రెండూ నాకు పంపు. వ్యాసం ఆ తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
అన్నయ్య