పొటొరూ, మన కలివికోడి: మీ ప్రశ్నకి జవాబు

ప్రశ్న: సార్, మా పిల్లోడు ఆస్ట్రేలియాలో ఆల్బనీ అనే ఊర్లో పని చేస్తాండాడు. ఆడ గిల్బర్ట్స్ పొటొరూ అని కుందేలంత సంచి జంతువు ఉందంట, లేకుండా పోయిందనుకున్నాక మళ్లీ దొరికిందంట, మన కలివికోడి పిట్ట మాదిరే. దాన్ని ఎట్లా కాపాడుకున్నారు? మన లంకమల అడవిలో అట్లా ఎందుకు చేయలేకపోతున్నారు?
– ఒక పాఠకురాలు, బద్వేలు

జవాబు: చాలా మంచి ప్రశ్నమ్మా. పొటొరూ కూడా కంగారూల చుట్టమే, బరువు కిలోకి అటూ ఇటూ, ముందు కాళ్ల గోళ్లతో నేల తవ్వి లోపల పెరిగే పుట్టగొడుగుల్లాంటి ట్రఫుల్స్ తింటుంది, దాని తిండంతా దాదాపు అవే. బయట నుంచి తెచ్చిన నక్కలు, పిల్లులు, పైన అడవి మంటలు, వీటితో నూరేళ్లకు పైగా ఎవరికీ కనపడలేదు. 1994లో ఆల్బనీ పక్కన టూ పీపుల్స్ బే అడవిలో క్వోక్కా అనే ఇంకో జంతువు కోసం బోన్లు పెడితే అందులో ఇది పడింది!

దొరికింది కదా అని వాళ్లు ఊరికే కూర్చోలేదు, నాకు అదే నచ్చింది. ఒక్కచోటే ఉంటే ఒక్క మంటతో అయిపోతుందని 2005 నుంచి కొన్నింటిని నక్కలూ పిల్లులూ లేని బాల్డ్ ఐలాండ్‌కి తీసుకెళ్లి వదిలారు, తర్వాత వేచినికప్ అనే చోట కంచె కట్టి అందులో కొన్ని పెట్టారు. 2015లో వాళ్లు భయపడ్డ మంట రానే వచ్చింది, టూ పీపుల్స్ బేలో పొటొరూలు ఉండే చోటు 90 శాతం దాకా కాలిపోయింది. ఐలాండ్‌లో పెట్టినవి ఉన్నాయి కాబట్టి జాతి మిగిలింది. ఇప్పటికీ మొత్తం నూరు దాకానే ఉంటాయి, గండం గడిచిందని అనలేం.

ఇక మన కలివికోడి. 1900లో అనంతపురం దగ్గర కనపడిందే ఆఖరు అనుకున్నారు, 1986లో మీ కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర రాత్రిపూట ఒక ఊరాయన చేతికి దొరికింది. మనోళ్లూ ఏం చేయలేదని కాదు, లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది, తెలుగుగంగ కాలువ దారి కూడా దీని కోసం మార్చారు. కానీ పొటొరూని వేరే చోటికి మార్చాలంటే బోనులో వేరుశెనగ వెన్న, ఓట్స్ ముద్ద పెడితే వచ్చి పడుతుంది, కలివికోడి అట్లా పడదు, పగలు పొదల్లో దాక్కుని రాత్రి తిరుగుతుంది. అందుకే సైంటిస్టులు పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి పొద్దున్నే దాని మూడు వేళ్ల అడుగులు పడ్డాయేమో చూసేవాళ్లు. పట్టి మార్చే వీల్లేనప్పుడు అది ఉండే చోటుని కాపాడటం ఒక్కటే దారి, ఆ చోటేమో కంపపొదలు, మన కంటికి పనికిరాని బీడు, అందుకే ముందు దాన్నే కొట్టేస్తాం, చదును చేస్తాం. నాకు బాధంతా అక్కడే.

మీరు అడవి అంచునే ఉన్నారు కాబట్టి ఒకటి చేయొచ్చు. పొద్దు గుంకిన ముక్కాలు గంటకి కలివికోడి రెండు ముక్కలుగా ట్విక్-టూ, ట్విక్-టూ అని కాసేపు కూస్తుంది. వినపడితే టార్చి వేసుకుని వెంటపడొద్దు, ఉన్నచోటే నిలబడి ఫోన్లో రికార్డ్ చేసి, చోటు, టైము రాసుకుని ఫారెస్టోళ్లకి ఇవ్వండి.