ఎండలూ కరువూ ముదిరిన ఏడాది సౌర, పవన, జల విద్యుత్తును నమ్ముకోవచ్చా?

ఎండలు ముదిరి, వానలు మొహం చాటేసిన ఏడాది పునరుత్పాదక విద్యుత్తు మీద ఆధారపడవచ్చా, లేక అవసరానికి అది చేతులెత్తేస్తుందా అని మీరు అడిగారు. సౌర, పవన, జల విద్యుత్తులను మూడింటినీ ఒకే గాటన కట్టినంత కాలం దీనికి సరైన జవాబు దొరకదు. కరువులో ముందుగా కుంటుపడేవి నీటి మీద బతికే కేంద్రాలు. వాటిలో జలవిద్యుత్ కేంద్రాలే కాదు, జనం గుండె మీద చెయ్యి వేసుకుని నమ్మే బొగ్గు, అణు కేంద్రాలు కూడా ఉన్నాయి. వేడి వల్ల సౌర ఫలకాలకు నష్టం జరిగే మాట నిజమే గాని, అది ముందుగానే లెక్క కట్టగలిగిన నష్టం. సౌర విద్యుత్ కేంద్రాల నిర్వహణే నా వృత్తి కాబట్టి ఈ తేడాను ఏటా వేసవిలో దగ్గరగా చూస్తూనే ఉన్నాను.

ఒక మధ్యాహ్నం సంగతి చెబుతాను. గాలి పూర్తిగా స్తంభించి, నీడలోనే 43 డిగ్రీలు దాటిన రోజది. ఫలకం వెనుక భాగానికి అంటించిన సెన్సర్ 68 డిగ్రీలు చూపిస్తోంది. ఫలకాల సామర్థ్యాన్ని కర్మాగారంలో 25 డిగ్రీల దగ్గర కొలిచి రాస్తారు. అక్కడి నుంచి పెరిగే ప్రతి డిగ్రీకి సిలికాన్ ఫలకం ఉత్పత్తి సుమారు 0.35 శాతం తగ్గుతుంది. ఆ లెక్కన మాకు 15 శాతం లోటు రావాలి, సరిగ్గా అంతే వచ్చింది కూడా. అయితే కంట్రోల్ రూమ్ తెరమీద ఒక ఇన్వర్టర్ (ఫలకాల విద్యుత్తును సరఫరాకు తగినట్టుగా మార్చే యంత్రం) ఉత్పత్తిని చూపే గీత మాత్రం మిగిలిన వాటికన్నా బాగా కిందికి, మెట్టు దిగినట్టు దిగిపోయి ఉంది. వెళ్లి తలుపు తీస్తే లోపలి వేడి ముఖాన కొట్టింది. గాలి లోపలికి వెళ్లే ఫిల్టరు మీద దుమ్ము కంబళిలా పేరుకుపోయింది. లోపలి భాగాలు కాలిపోకుండా ఇన్వర్టరు తన ఉత్పత్తిని తానే తగ్గించుకుంది. మేము దాన్నే డీరేటింగ్ అంటాము. ఫిల్టరు మార్చిన కొద్దిసేపటికే ఆ గీత మళ్లీ తోటి గీతల సరసన చేరింది.

పత్రికల్లో ఎండకు సౌర విద్యుత్తు విఫలమైందన్న శీర్షిక చూసినప్పుడల్లా నాకు ఆ ఫిల్టరే కళ్లముందు మెదులుతుంది. ఎండదిగా కనిపించే నష్టంలో చాలా భాగం నిర్వహణలోని అలసత్వానిది, డిజైనులోని పిసినారితనానిది. ఇన్వర్టర్ గదిలోని వేడి గాలిని బయటికి తోసే గొట్టాన్ని, బయటి గాలిని లోపలికి పీల్చే కిటికీ పక్కనే అమర్చిన మహానుభావులను నేను చూశాను. తక్కువ ధరకు టెండరు వేసినవారికి పని అప్పగించి, ఆ తరువాత వేసవిని తప్పుపట్టడం ఏం న్యాయమో నాకు అర్థం కాదు.

నీటి వ్యవహారం ఇలా కాదు. ఎండిన జలాశయానికి మార్చడానికి ఫిల్టరేమీ ఉండదు. కాలిఫోర్నియాలోని ఓరోవిల్ జలాశయం 2021 ఆగస్టులో ఎంతగా అడుగంటిందంటే, 1960ల చివరి నుంచి నడుస్తున్న అక్కడి జలవిద్యుత్ కేంద్రాన్ని నీరు చాలక మొదటిసారిగా ఆపేయవలసి వచ్చింది. మరుసటి ఏడాది ఆగస్టులో చైనాలోని సిచువాన్‌కు ఇంకా పెద్ద దెబ్బ తగిలింది. తన విద్యుత్తులో దాదాపు ఐదింట నాలుగు వంతులు జలవిద్యుత్తే అయిన ఆ రాష్ట్రంలో, ఒకవైపు వడగాడ్పులకు ఏసీల వాడకం ఆకాశాన్ని అంటగా, మరోవైపు నదులు ఎండిపోయి, కర్మాగారాలను రోజుల తరబడి మూయించారు. ఆఫ్రికాలోని జాంబియా 2024లో విద్యుత్ కోతలతో పడిన పాట్లు కూడా కరీబా జలాశయం అడుగంటడం వల్ల వచ్చినవే. గిరాకీ పెరగడం, ఉత్పత్తి పడిపోవడం రెండూ ఒకే వాతావరణం వల్ల ఒకేసారి జరగడమే ఇక్కడి అసలు ప్రమాదం. సగటు వర్షపాతం చూసి వేసిన ప్రణాళికలు దీన్ని పట్టుకోలేవు.

అలాగని బొగ్గు ఉంటే చాలు, నిశ్చింతగా ఉండవచ్చు అనుకునేవారికి 2016 మార్చిలో పశ్చిమ బెంగాల్‌లోని ఫరక్కాలో జరిగింది గుర్తుచేయాలి. కేంద్రాన్ని చల్లబరచడానికి నీళ్లిచ్చే కాలువలో నీటిమట్టం పడిపోవడంతో, 2,100 మెగావాట్ల ఆ బొగ్గు విద్యుత్ కేంద్రంలో ఉత్పత్తి ఆగిపోయింది. ఫ్రాన్సులో 2022 వేసవిలో నదులు వేడెక్కినప్పుడు, కొన్ని అణు కేంద్రాలు వేడి నీటిని నదిలోకి వదలడానికి తాత్కాలికంగా ప్రత్యేక మినహాయింపులు ఇవ్వవలసి వచ్చింది. గ్యాస్ టర్బైన్లకు సైతం, వేడెక్కి పలచబడిన గాలితో ఉత్పత్తి తగ్గుతుంది. సౌర ఫలకానికీ గాలిమరకూ చల్లబరచుకోవడానికి నది అక్కర్లేదు. ఫలకాలు కడగడానికి నీళ్లు కావాలి కదా అంటారు. నీళ్లు లేకుండా దుమ్ము తుడిచే యంత్రాలు వచ్చి చాలా కాలమైంది.

సౌర విద్యుత్తుకు ఉన్న నిజమైన బలహీనత మధ్యాహ్నపు వేడి కాదు, సాయంత్రం. సూర్యుడు దిగిపోతాడు, గోడలు మాత్రం వేడిని కక్కుతూనే ఉంటాయి, ఏసీలు ఆగవు. తీవ్రమైన వడగాడ్పుల రోజుల్లో గాలి కూడా తరచుగా మందగిస్తుంది కాబట్టి గాలిమరలు ఆ లోటును పూడుస్తాయని ధీమాగా చెప్పలేము. కాలిఫోర్నియాలో 2020 ఆగస్టు 14, 15 తేదీల్లో విధించిన కోతలు ఈ వేళప్పటివే. అదే గ్రిడ్ మీద 2022 సెప్టెంబరు 6న గిరాకీ 52,061 మెగావాట్లతో రికార్డు సృష్టించినా, ఆ సాయంత్రం కోతల అవసరం రాలేదు. ఆ రెండేళ్లలో వచ్చి చేరిన బ్యాటరీలు అందుకు ఒక కారణమైతే, విద్యుత్ వాడకం తగ్గించమని ఫోన్లకు పంపిన సందేశానికి జనం వెంటనే స్పందించడం మరొక కారణం.

కాబట్టి మీరు అడిగిన మూడింటిలో సౌర విద్యుత్తును పగటికి నిస్సందేహంగా నమ్ముకోవచ్చు. పవన విద్యుత్తు ఎప్పుడొస్తే అప్పుడు వాడుకోవాలి. జలవిద్యుత్తును మాత్రం ఎప్పుడూ నడిచే ఆధారంగా కాక, దాచుకునే నిల్వగా చూడాలని నా అభిప్రాయం. కరువు ఏడాదిలో పగలంతా ఫలకాలు నడుస్తుండగా జలాశయంలోని నీటిని టర్బైన్ల గుండా వదిలేయడం తెలివితక్కువ పని. తాగునీటికీ సాగునీటికీ ఎలాగూ వదలవలసిన నీరు ఉంటే, వీలైనంత వరకు దాన్ని సాయంత్రం ఏడింటి తరువాత వదలాలి. ఇందుకు కొత్త ఆనకట్టలు అక్కర్లేదు. నీటిపారుదల వారూ విద్యుత్తు వారూ ఒకే బల్ల దగ్గర కూర్చుని, నీళ్లు వదిలే వేళలను కలిసి నిర్ణయిస్తే చాలు.