టెక్ సందేహాలు: సున్నా అని బొంకే ఫంక్షన్

సందేహం: కావలిలో బీటెక్ రెండో ఏడాది చదువుతున్నాను. మూడు సబ్జెక్టుల మార్కులకి సరాసరి కట్టే ఫంక్షన్ పైథాన్‌లో రాశాను. తెర మీద 71 అని సరిగ్గానే వస్తోంది. దానికి ఇంకో 5 కలపబోతే మాత్రం టైప్ ఎర్రర్ అంటోంది. అందులో 'నన్‌టైప్' అన్న మాట ఉంది. నేనెక్కడా ఆ మాట రాయలేదే?

జవాబు: మీరు రాయాల్సింది రాయకపోబట్టే వచ్చిందమ్మా అది. మీ ఫంక్షన్ చివర ప్రింట్ (తెర మీద చూపడం) ఉంది, రిటర్న్ (జవాబుని పిలిచిన చోటికి అందించడం) లేదు. రిటర్న్ లేని ఫంక్షన్ పైథాన్‌లో నన్ అనే విలువని వెనక్కిస్తుంది. 'ఏమీ లేదు' అని దానర్థం. ఏమీ లేనిదానికి 5 కలపమంటే మొరాయించింది. కొట్లో చిల్లర అడిగితే లోపల్నుంచి 'డెబ్బై ఒక్క రూపాయండీ' అని కేకేసి ఊరుకున్నట్టుంది మీ ఫంక్షన్ వ్యవహారం. చెవికి వినబడింది, చేతికి రాలేదు.

లెక్క కట్టే ఫంక్షన్‌లో ప్రింట్ పెట్టకండి. జవాబుని రిటర్న్ చేసి, పిలిచిన చోట ప్రింట్ చేసుకోండి. రేపు అదే సరాసరిని ఫైల్లోకి ఎక్కించాలన్నా ఫంక్షన్ జోలికి వెళ్ళక్కర్లేదు. ఇలాంటిదే ఇంకోటి: లిస్టు మీద సార్ట్ పిలిచి, వచ్చినదాన్ని కొత్త పేరుకి అప్పగించడం. సార్ట్ ఉన్న లిస్టునే సర్దేసి నన్ ఇస్తుంది. కొత్త లిస్టు కావాలంటే సార్టెడ్ వాడాలి. ఈ ఒక్క ముక్క తెలియక నేనొక ఆదివారమంతా పోగొట్టుకున్నాను.

సందేహం: మాది విడవలూరు వైపు. వనామీ రొయ్యల గుంటలున్నాయి. పట్టుబడి రోజున, అంటే గుంటలో రొయ్యలు పట్టే రోజున, నాన్నకి సాయంగా ఉంటుందని చిన్న యాప్ రాశాను. కౌంట్ ఇస్తే కిలో ధర చెప్పే ఫంక్షన్ ఉంది అందులో. జాబితాలో లేని కౌంట్ ఇస్తే సున్నా ఇస్తుంది. మొన్న 45 కౌంట్ సరుకు 400 కిలోలకి డబ్బే పడలేదు. నాన్న కాగితం మీద లెక్క చూసి పట్టుకున్నాడు. సున్నా తీసేసి మైనస్ 1 పెట్టమంటున్నాడు స్నేహితుడు. ఏది మంచిది?

జవాబు: రెండూ కాదు. ముందు నాన్నగారి కాగితానికో దణ్ణం.

రొయ్యల సంగతి తెలియనివారికి ఒక మాట. కౌంట్ అంటే కిలోకి తూగే రొయ్యల సంఖ్య. 100 కౌంట్ అయితే ఒక్కోటి 10 గ్రాములు, 50 అయితే 20 గ్రాములు. అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, ధరా ఎక్కువే.

ఇక మీ ఫంక్షన్. దానికి 45 కౌంట్ ధర తెలియదు. తెలియదని చెప్పడానికి నోరు రాక సున్నా అనేసింది. ధర తెలియదనడం వేరు, ఉత్తపుణ్యానికి ఇచ్చేస్తున్నాననడం వేరు. సీ భాషలో అక్షరాల్ని అంకెగా మార్చే ఏటూఐ అనే పాత ఫంక్షన్‌ది కూడా ఇదే జబ్బు. '0' అని రాసిచ్చినా సున్నా అంటుంది, 'రొయ్య' అని రాసిచ్చినా సున్నాయే అంటుంది. అడిగినవాడికి తేడా తెలిసే దారే లేదు.

మైనస్ 1 ఇంతకన్నా ప్రమాదం. 400 కిలోల్ని దాంతో గుణిస్తే మొత్తంలో 400 రూపాయలు తగ్గుతాయి. లక్షల బిల్లులో ఆ నాలుగొందలు ఎవరి కంటికి ఆనతాయి? సున్నా అయితే కనీసం ఆ వరస బోసిగా కనబడింది. ఇంకో తిరకాసు చూడండి. పైథాన్‌లో ఫైండ్ అనేది వెతికిన మాట దొరక్కపోతే మైనస్ 1 ఇస్తుంది. అదే పైథాన్‌లో లిస్టుకి మైనస్ 1 స్థానం అంటే చివరిది! ఈ పద్ధతి చూసి మీరూ కౌంట్ స్థానాన్ని వెతికే ఫంక్షన్ రాసుకుని, ఆ స్థానంలోని ధర తెమ్మంటే, జాబితా అడుగున ఉన్న 100 కౌంట్ ధర తెచ్చి మీ 45 కౌంట్ సరుకుకి కట్టేస్తుంది. ఎర్రర్ ఉండదు, అంకె చూడ్డానికి బాగానే ఉంటుంది. ఫైండ్ చేసే పనే ఇండెక్స్ కూడా చేస్తుంది గానీ, దొరక్కపోతే వాల్యూ ఎర్రర్ అని అక్కడే నిలబెట్టేస్తుంది. నా ఓటు ఇండెక్స్‌కే.

నన్ ఇస్తే? పైథాన్‌లో పర్వాలేదు, 400తో గుణించబోయేసరికి ఆగిపోతుంది. యాప్ జావాస్క్రిప్ట్‌లో రాసి ఉంటే మాత్రం నల్‌ని (అక్కడి 'ఏమీ లేదు') నమ్మకండి. అక్కడ నల్‌ని 400తో గుణిస్తే సున్నా వస్తుంది, కథ మళ్ళీ మొదటికి. 1965లో ఆల్గాల్ డబ్ల్యూ భాషకోసం నల్ రెఫరెన్స్‌ని తెచ్చిన కంప్యూటర్ శాస్త్రవేత్త టోనీ హోర్, 2009లో అది తన వంద కోట్ల డాలర్ల పొరపాటని తనే చెప్పుకున్నారు.

మీరు తేల్చుకోవాల్సింది ఒకటే: ధర లేకపోవడం మామూలు సంగతా, జరక్కూడనిదా? ఊరికే ధరలు చూసుకునే పేజీలో అయితే మామూలే. నన్ ఇవ్వండి, పిలిచిన చోట 'ధర లేదు' అని చూపించండి. పట్టుబడి బిల్లులో అయితే జరక్కూడదు. అక్కడ ఎక్సెప్షన్ లేపండి, అంటే ఎర్రర్ చూపించి పనిని అక్కడే ఆపేయండి. ఉత్త 'తప్పు' అని కాకుండా '45 కౌంట్‌కి ధర ఎక్కించలేదు' అని అంకెతో సహా చెప్పించండి. కాటా దగ్గర లారీ వాళ్ళు తొందరపెడుతుంటే ఏ అంకె దిద్దాలో నాన్నగారికి వెంటనే తెలియాలిగా. గో భాషవాళ్ళు విలువనీ ఎర్రర్‌నీ జంటగా వెనక్కిస్తారు. జావాలో 2014లో వచ్చిన 8వ వెర్షన్ నుంచి, విలువ ఉండొచ్చు లేకపోవచ్చు అని ముందే చెప్పే ఆప్షనల్ ఉంది. దారి ఏదైనా సరే, తెలియనిదాన్ని ధర వేషంలో పంపకపోతే చాలు.

అన్నట్టు, 40కీ 50కీ మధ్య పడే 45కి ధర ఎలా కట్టాలన్నది మీరు కోడ్‌లో ఊహించేది కాదు. కొనేవారితో నాన్నగారు ఏ లెక్క మాట్లాడుకున్నారో అడిగి, దాన్ని వేరే ఫంక్షన్‌గా రాయండి.

సందేహం: కోవూరు దగ్గర ధాన్యం లెక్కలు చూస్తాను. 'బరువు' అనే ఫంక్షన్‌కి ట్రూ ఇస్తే పుట్లలో, ఫాల్స్ ఇస్తే కిలోల్లో జవాబిచ్చేలా రాసుకున్నాను. నెల తిరిగేసరికి ఏది ఎందుకిచ్చానో నాకే గుర్తుండటం లేదు.

జవాబు: ఎలా ఉంటుందండీ? కోడ్ చదివేవాడికి అక్కడ ట్రూ అని తప్ప ఏమీ కనబడదు. జవాబు 12 అని వస్తుంది. 12 పుట్లా, 12 కిలోలా? నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు, ఆ లెక్కన 12 పుట్లు 10,200 కిలోలు. లోపలి లెక్కలన్నీ కిలోల్లోనే నడపండి, ఫంక్షన్ పేరులోనే 'కిలోల్లో' అని చేర్చండి. పుట్లు కావాలంటే 850తో భాగించే రెండో ఫంక్షన్ ఒకటి పెట్టుకుని, రసీదు మీద చూపించేటప్పుడే పిలవండి. ఆ ట్రూ, ఫాల్స్ గొడవ తీసేయండి.

కొలమానం చెప్పకుండా అంకె ఇస్తే ఏమవుతుందో నాసా వాళ్ళకి బాగా తెలుసు. 1999 సెప్టెంబర్ 23న అంగారకుడి దగ్గరికి పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ నౌక అలాగే పోయింది. భూమ్మీది ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్-ఫోర్స్ సెకండ్లలో అంకెలిచ్చింది, అందుకున్న వైపు వాటిని న్యూటన్ సెకండ్లనుకున్నారు. తేడా దాదాపు నాలుగున్నర రెట్లు.

సందేహం: చీమకుర్తిలో గ్రానైట్ యార్డు లెక్కలు ఎక్సెల్‌లో రాస్తాను. పట్టికలో ధర వెతికే వీలుకప్‌కి అది దొరకనిచోట హ్యాష్ ఎన్‌ఏ అని వచ్చి షీటంతా వికారంగా ఉంది. ఎర్రర్ వస్తే బదులుగా ఏం చూపాలో చెప్పే ఇఫ్ఎర్రర్ పెట్టి సున్నా చేసేయమంటున్నారు. చేయొచ్చా?

జవాబు: వద్దు. పై రొయ్యల జవాబు చదవండి, మీదీ అదే కథ. ఇఫ్ఎర్రర్ ఇంకా మొండిది, ఫార్ములాలో మీరు రాసిన తప్పుల్ని కూడా సున్నా కిందే కప్పెట్టేస్తుంది. సున్నా బదులు 'ధర లేదు' అని అక్షరాలు పెట్టినా చాలదు. మొత్తం కట్టే సమ్ ఫార్ములా అక్షరాల గళ్ళని దాటేసి మిగతావి కూడి, తక్కువ మొత్తాన్నే దర్జాగా చూపిస్తుంది. హ్యాష్ ఎన్‌ఏ ఉంటే మొత్తం కూడా హ్యాష్ ఎన్‌ఏ అనే వస్తుంది. ఉండనివ్వండి. ఆ బ్లాకు ధర ఎక్కించాక అదే పోతుంది.