అసైలం గడువు ఏ తేదీ నుంచి లెక్కపెట్టాలి?

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. ఎంఎస్ చదవడానికి 2022 ఆగస్టులో ఎఫ్-1 వీసా మీద అమెరికా వచ్చాను. ఇక్కడే పరిచయమైన తెలుగు అబ్బాయిని 2024 అక్టోబరులో కౌంటీ ఆఫీసులో పెళ్లి చేసుకున్నాను. మా కులాలు వేరు. ఎప్పటికైనా చెప్పాల్సిందే కదా అని 2025 ఫిబ్రవరిలో ఇండియా వెళ్లి ఇంట్లో చెప్పాను. నాన్న, బాబాయి కొట్టారు. ఫోన్, పాస్‌పోర్టు లాక్కుని తొమ్మిది రోజులు గదిలో పెట్టి తాళం వేశారు. చివరికి పిన్ని కూతురు పాస్‌పోర్టు తెచ్చిచ్చి తెల్లవారుజామున బయటికి పంపింది. మార్చి 9న తిరిగి డాలస్‌లో దిగాను. ఆ తర్వాత బాబాయి "ఊళ్లో కాలు పెడితే చంపేస్తాం" అని వాయిస్ మెసేజ్‌లు పెట్టాడు. వినలేక డిలీట్ చేశాను. ఏప్రిల్‌లో మనుషుల్ని పంపి మామయ్య గారి చెయ్యి విరగ్గొట్టారు. పోలీసులు కేసు రాయకుండా రాజీ చేసి పంపేశారు. నేను స్టెమ్ ఓపీటీలో (చదువయ్యాక ఎఫ్-1 మీదే ఉద్యోగం చేసుకోనిచ్చే అనుమతి) ఉన్నాను, అక్టోబరులో ఉద్యోగం పోయింది. నా భర్తకు హెచ్-1బీ ఉద్యోగ వీసా ఉంది. అసైలం (స్వదేశంలో హింస భయం ఉన్నవాళ్లకు అమెరికా ఇచ్చే ఆశ్రయం) గురించి అడిగితే తెలిసిన కన్సల్టెంట్ ఒకాయన, "నువ్వొచ్చి మూడేళ్లు దాటింది, ఏడాది గడువు ఎప్పుడో పోయింది, పెళ్లి కథ పనికిరాదు. రాజకీయ కక్షతో మీ ఇంటి మీద ఈమధ్య దాడి జరిగిందని రాద్దాం. కొత్త సంఘటన కాబట్టి గడువు అడ్డురాదు, ఆరు నెలల్లో వర్క్ పర్మిట్ వస్తుంది" అంటున్నారు. నాలుగు వేల డాలర్లు అడిగారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. నేను చేసింది తప్పా? సంతకం పెట్టమంటారా?
(పేరు వద్దు, టెక్సస్)

జవాబు: సంతకం పెట్టకండి. మీ గడువు ఇంకా పోలేదు.

మీ ఉత్తరంలో నేను ఆగి మళ్లీ చదివిన వాక్యం ఒక్కటే: "మార్చి 9న తిరిగి డాలస్‌లో దిగాను." మీరు ఏదో మాటవరసకు రాసినట్టున్నారు గానీ మీ కేసు నిలబడేదీ పోయేదీ ఆ తేదీ మీదే.

అమెరికాలో అడుగుపెట్టిన ఏడాదిలోపు అసైలం దరఖాస్తు చేసుకోవాలన్న నియమం 1996 చట్టంతో వచ్చింది. ఆ ఏడాది ఎప్పుడు మొదలవుతుంది? నిబంధనలు చెప్పేది "చివరిసారి వచ్చిన తేదీ" నుంచి అని. ఇమ్మిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు 2008లో ఈ విషయమే తేల్చింది: మధ్యలో దేశం విడిచి వెళ్లి తిరిగి వచ్చిన మనిషికి ఇటీవలి రాక నుంచే లెక్క. గడువును కొత్తగా మొదలుపెట్టించుకోవడానికే ఓసారి సరిహద్దు దాటి వచ్చినవాళ్ల సంగతి వేరు. మీరు వెళ్లింది కన్నవాళ్లకు పెళ్లి సంగతి చెప్పడానికి. కాబట్టి 2022 ఆగస్టును మరిచిపోండి. మీ ఏడాది 2025 మార్చి 9న మొదలైంది, 2026 మార్చి 9తో నిండుతుంది. ఈ జనవరిలో మీ ఉత్తరం నాకు అందింది గనుక సరిపోయింది. ఏప్రిల్‌లో రాసి ఉంటే నా జవాబు ఇంకోలా ఉండేది.

ఇక ఆ తేదీని రుజువు చేయాల్సిన బాధ్యత మీదే. "మాట నమ్మండి" అంటే సరిపోదు, స్పష్టమైన, నమ్మదగిన రుజువు కావాలని చట్టమే అంటుంది. కస్టమ్స్ అండ్ బోర్డర్ ప్రొటెక్షన్ వెబ్‌సైట్‌లో మీ ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు), రాకపోకల చరిత్ర దొరుకుతాయి. ఈ రోజే తీసి దాచుకోండి. పాస్‌పోర్టులో అటూ ఇటూ పడిన ముద్రలు, బోర్డింగ్ పాసులు, టికెట్ ఈమెయిల్ కూడా కావాలి. ఆ తెల్లవారుజామున టికెట్ తేదీ మార్చుకుని ఉంటే ఆ మార్పు రసీదు ఇంకా విలువైనది. మీరు అనుకున్న రోజున తిరిగి రాలేకపోయారని, ఎవరో ఆపారని చెప్పడానికి అది పనికొస్తుంది.

అసైలం దరఖాస్తు ఫారం ఐ-589, వలస దరఖాస్తులు చూసే యూఎస్‌సీఐఎస్ సంస్థకు చేరిన రోజే దాఖలైన రోజు. పోస్టు చేసిన రోజు లెక్కలోకి రావాలంటే గడువులోపే పంపినట్టు గట్టి రసీదు చూపించాలి. సంతకం మరిచిపోయినా, ఫీజు జత చేయకపోయినా కట్ట మొత్తం వెనక్కి రావచ్చు. వెనక్కి వచ్చిన దరఖాస్తు గడువును కాపాడదు. ఫీజు 2025 చట్టంతో కొత్తగా వచ్చింది, 100 డాలర్లు. పంపే ముందు ఆ రోజుకు ఎంత ఉందో చూసుకోండి. ఫిబ్రవరి మూడో వారం దాటకుండా దరఖాస్తు వాళ్ల చేతిలో ఉండాలి. సాక్ష్యాలన్నీ సమకూరాక పంపుదామని కూర్చోకండి. ఫారం, మీ వాంగ్మూలం సరిగ్గా ఉంటే మిగతా కాగితాలు తర్వాత జత చేయవచ్చు. 2025 నవంబరు చివర్లో యూఎస్‌సీఐఎస్ అసైలం నిర్ణయాలు ఇవ్వడం నిలిపేసిందని విని చాలామంది "ఇప్పుడు వేసి ఏం లాభం" అని ఊరుకుంటున్నారు. నిలిచింది నిర్ణయాలు మాత్రమే. గడువు నడుస్తూనే ఉంది.

ఎఫ్-1 లాంటి చట్టబద్ధమైన హోదాలో ఉన్నవాళ్లకు, ఆ హోదా పోయిన తర్వాత సహేతుకమైన సమయంలో వేస్తే ఆలస్యాన్ని మన్నించే వెసులుబాటు ఉంది. ఆరు నెలలు దాటితే సాధారణంగా సహేతుకం అనరు. దాన్ని నమ్ముకుని ఆగకండి. గడువులో వేసే అవకాశం ఉన్నప్పుడు మినహాయింపు కోసం వాదించుకునే అవస్థ ఎందుకు?

ఆ కన్సల్టెంట్ సంగతికి వస్తాను. మీ గడువు ఆయన తప్పుగా లెక్కపెట్టారు. తప్పు లెక్కను కప్పడానికి అబద్ధం అమ్ముతున్నారు. తెలిసీ కల్పిత కథతో అసైలం వేసినట్టు తేలితే, అమెరికా వలస చట్టం కింద ఏ ప్రయోజనానికీ శాశ్వతంగా అనర్హులవుతారు. ఆ హెచ్చరిక ఐ-589 ఫారం మీదే అచ్చయి ఉంటుంది, దాని కిందే మీరు సంతకం పెడతారు. శాశ్వతంగా అంటే నిజంగా శాశ్వతంగానే. రేపు మీ భర్త కంపెనీ గ్రీన్ కార్డు వేస్తే ఆయనకు వస్తుంది, మీకు రాదు. మీకు పుట్టే బిడ్డ పెద్దయి అమెరికన్ పౌరుడిగా తల్లికి పిటిషన్ వేసినా ఆ తలుపు తెరుచుకోదు. "ఇంటర్వ్యూకు ఏళ్లు పడుతుంది, ఈలోపు పని చేసుకోవచ్చు" అని కూడా ఆయన చెప్పే ఉంటారు. కొత్తగా వేసినవాళ్లను ముందు పిలిచే పద్ధతి 2018 జనవరి నుంచి నడుస్తోంది. పిలిచిన రోజు పార్టీ పేర్లు, దాడి తేదీ, ఎవరు ఎక్కడ నిలబడ్డారు అని అడుగుతారు. ఆయన పక్కన ఉండరు. పైగా ఆయన అదే కథ ఇంకెంతమందికి రాశారో మీకు తెలియదు, అధికారికి తెలిసి ఉండవచ్చు.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది ఇంకొకటి. మీకు జరిగింది నిజం. నిజంగా దెబ్బలు తిన్న మనిషి, జరగని దాడిని రాసుకుని తన అసలు గాయాన్నే అబద్ధంగా మార్చేసుకోబోతోంది. ఒకసారి కల్పిత కథ ఫైలులోకి ఎక్కాక, ఆ తొమ్మిది రోజుల గురించి మీరు ఏం చెప్పినా ఎవరూ నమ్మరు.

ఆ మెసేజ్‌లు డిలీట్ చేయడం మాత్రం క్షమించరాని అజాగ్రత్త. వినలేకపోతే వినకండి, ఫోన్ మీ ఆయనకు ఇచ్చేయండి. చంపుతానని మనిషి తన గొంతుతో చెప్పిన రికార్డును చేజేతులా తుడిచేస్తారా? 2005 నాటి రియల్ ఐడీ చట్టం తర్వాత, సహేతుకంగా తెచ్చుకోగలిగిన రుజువు తేకపోతే అధికారి దాన్ని మీకు వ్యతిరేకంగా తీసుకోవచ్చు. ఇప్పుడు చేయగలిగింది చేయండి. ఫోన్ బ్యాకప్‌లో పాత చాట్ ఉందేమో, మీ ఆయనకు గానీ స్నేహితులకు గానీ ఒక్క మెసేజైనా ఫార్వర్డ్ చేశారేమో వెతకండి. దొరికినదాన్ని కత్తిరించకుండా, నంబరు, తేదీ కనిపించేలా దాచండి. తెలుగు ఆడియోను యథాతథంగా కాగితం మీద పెట్టి ఇంగ్లిష్‌లోకి అనువదించాలి. తనకు రెండు భాషలూ వచ్చని, అనువాదం సరైనదని అనువాదకుడు సంతకం చేయాలి. ఆ పని మీరు చేయకండి. మీ పిన్ని కూతురు ప్రత్యక్ష సాక్షి. ఆమె ప్రమాణ పత్రం ఇవ్వగలిగితే గొప్ప బలం, కానీ ఆమె ఆ ఇంటి చుట్టుపక్కలే బతుకుతోందని మరిచిపోవద్దు. ఇష్టపడకపోతే బలవంతం చేయకండి, ఎందుకు ఇవ్వలేకపోయిందో మీ వాంగ్మూలంలో రాయండి. తిరిగి వచ్చాక డాక్టరుకు గానీ, యూనివర్సిటీ కౌన్సెలర్‌కు గానీ చూపించుకుని ఉంటే ఆ రికార్డు తెప్పించండి.

మీ కేసు సులువని మాత్రం నేను చెప్పను. 1951 శరణార్థుల ఒప్పందం నుంచి వచ్చిన నిర్వచనంలో కారణాలు ఐదే: జాతి, మతం, జాతీయత, రాజకీయ అభిప్రాయం, ప్రత్యేక సామాజిక వర్గం. మీది చివరిదాని కిందికి రావాలి. కొట్టింది ప్రభుత్వం కాదు, కుటుంబం. అలాంటప్పుడు ప్రభుత్వం కాపాడగలిగే స్థితిలో లేదని, లేదా కాపాడడానికి ఇష్టపడదని మీరు చూపించాలి. 2025లో అప్పీళ్ల బోర్డు, అటార్నీ జనరల్ ఇచ్చిన నిర్ణయాలతో ఈ దారి ఇంకా ఇరుకైంది. 2018లో మిర్యాలగూడలో జరిగిన పరువు హత్య వార్తలు మీరు జత చేస్తారనుకోండి. కేసు కోర్టుకు వెళితే ప్రభుత్వ లాయరు అదే కేసులో 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసిన తీర్పు చూపించి, "చూడండి, అక్కడి ప్రభుత్వం శిక్షిస్తోంది" అంటారు. కులాంతర వివాహాలు చేసుకున్నవాళ్లకు జిల్లాల్లో ప్రత్యేక సెల్‌లు, రక్షణ ఉండాలని 2018లోనే మన సుప్రీంకోర్టు శక్తివాహిని కేసులో చెప్పిందనీ అంటారు. ఇంకో ప్రశ్న కూడా వస్తుంది: మీ ఊరు కాకపోతే బెంగళూరులోనో ఢిల్లీలోనో ఉండవచ్చు కదా? దీనికి మీ దగ్గర జవాబు ఉండాలి. బాబాయికి ఏ స్థాయిలో పలుకుబడి ఉంది, మీరు ఎక్కడున్నారో కనుక్కోవడానికి ఇంతకుముందు ప్రయత్నించారా, మామయ్య గారి అడ్రస్ వాళ్లకు ఎలా తెలిసింది, ఇలాంటివి వివరంగా రాయండి.

అందుకే ఈ కేసులో అత్తమామల ఫిర్యాదుకు అంత విలువ. చెయ్యి విరిగినా కేసు రాయలేదన్నది నోటిమాటగా ఉండిపోకూడదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (ఇండియాలో క్రిమినల్ కేసుల ప్రక్రియ చట్టం) 173వ సెక్షన్ ప్రకారం ఏ పోలీసు స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఎలక్ట్రానిక్‌గా పంపినా చెల్లుతుంది, మూడు రోజుల్లో వెళ్లి సంతకం చేయాలి. స్టేషన్‌లో రాయకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా పంపాలి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లవచ్చు. మామయ్య గారిని ఆస్పత్రి కాగితాలు, ఎక్స్‌రే జత చేసి ఎస్పీకి రిజిస్టర్ పోస్టులో ఫిర్యాదు పంపమనండి. కేసు నమోదైతే వాళ్లకు రక్షణ దొరుకుతుంది, అది మీ అసైలం కన్నా ముఖ్యం. స్పందన రాకపోతే ప్రభుత్వం పట్టించుకోలేదనడానికి ఆ పోస్టల్ రసీదే మొదటి రుజువు. రాజీ కాగితం మీద సంతకాలు తీసుకుని ఉంటే దాని నకలు సంపాదించండి.

వర్క్ పర్మిట్ కోసమే తొందరపడుతున్నారేమో అని అనుమానంగా ఉంది, అందుకని చెబుతున్నాను. ఇప్పుడున్న నిబంధనల్లో దరఖాస్తు అందిన 150 రోజుల తర్వాతే పర్మిట్ అడగవచ్చు, 180 రోజులు నిండితే గానీ ఇవ్వరు. ఈలోపు మీ హోదా కాపాడుకోవడం అత్యవసరం. స్టెమ్ ఓపీటీలో నిరుద్యోగం, మొదటి ఓపీటీ రోజులు కలుపుకుని మొత్తం 150 రోజులు మించకూడదు. మీకు అక్టోబరులో ఉద్యోగం పోయింది, ఆ లెక్క ఎంతవరకు వచ్చిందో చూసుకున్నారా? అది నిండకముందే మీ భర్త హెచ్-1బీ మీద హెచ్-4కు, అంటే జీవిత భాగస్వామి హోదాకు, మార్పు కోరుతూ ఫారం ఐ-539 వేయండి. హోదాలో ఉన్న మనిషి అసైలం తిరస్కరణకు గురైతే అక్కడితో ఆగుతుంది. హోదా లేకపోతే కేసు ఇమ్మిగ్రేషన్ కోర్టుకు, అంటే దేశం నుంచి పంపించే విచారణకు వెళుతుంది. దరఖాస్తు వేశాక ఎవరి పెళ్లికీ, ఎవరి చావుకీ ఇండియా వెళ్లవద్దు. భయమున్న చోటికి మీ అంతట మీరే వెళ్లారంటే ఆ భయాన్ని ఎవరూ నమ్మరు.

ఆ నాలుగు వేల డాలర్లు లైసెన్సున్న ఇమ్మిగ్రేషన్ లాయరుకు ఇవ్వండి. ఇవ్వలేకపోతే ఉచితంగానో తక్కువ ఫీజుకో వాదించే సంస్థల జాబితా ఇమ్మిగ్రేషన్ కోర్టుల విభాగమే రాష్ట్రాలవారీగా ప్రచురిస్తుంది. న్యాయశాఖ గుర్తింపు ఉన్న ప్రతినిధులూ ఇలాంటి కేసులు చూస్తారు.

ఒక సంగతి మీరు రాయలేదు. ఆ కన్సల్టెంట్‌కు ఇప్పటికే ఖాళీ ఫారం మీద సంతకం చేసిచ్చారా? పాస్‌పోర్టు కాపీలు, ఆన్‌లైన్ అకౌంట్ పాస్‌వర్డ్ ఇచ్చారా? ఇచ్చి ఉంటే "నా పేరున ఏదీ దాఖలు చేయవద్దు" అని ఈ రోజే ఈమెయిల్‌లో రాసి పంపండి, పాస్‌వర్డ్ మార్చండి. ఆయన ఇప్పటికే పంపేసి ఉంటే, మీరు కలిసే లాయరుకు పెళ్లి సంగతి కన్నా ముందు అదే చెప్పండి.