క్షయ మందులకు తగ్గని మచ్చ ఊపిరితిత్తి లింఫోమా అని ఎలా తేలుస్తారు?

విశాఖలో ఆరు నెలలు క్షయ మందులు వాడినా నాన్నగారి ఎక్స్‌రేలో మచ్చ తగ్గలేదని, కళ్లె పరీక్షలో క్షయ క్రిములు ఒక్కసారీ కనిపించలేదని, ఇప్పుడు లింఫోమా (లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాల క్యాన్సర్) అంటున్నారని రాశారు. ఊపిరితిత్తిలోనే పుట్టే మాల్ట్ లింఫోమా (శ్లేష్మపు పొరల దగ్గరి లింఫ్ కణజాలంలో మొదలయ్యే రకం) చాలా అరుదు. నెమ్మదిగా పెరుగుతూ, సీటీలో న్యుమోనియాలాగే తెల్లటి మచ్చగా, మధ్యలో గాలిగొట్టాలు నల్లటి కొమ్మల్లా కనిపిస్తుంది కాబట్టి, మన దగ్గర ముందు క్షయను అనుమానించడం సహజమే. సన్నని సూదితో తీసిన కాసిని కణాలు సాధారణంగా చాలవు. లింఫోసైట్లు మామూలు వాపులోనూ చేరతాయి కనుక, తగినంత ముక్క తీసి, ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీలో (కణాల మీది ప్రొటీన్లను రంగుతో గుర్తించే పరీక్షలో) సీడీ20 అనే ప్రొటీన్ పాజిటివ్‌గా, సీడీ5, సీడీ10 అనేవి నెగెటివ్‌గా ఉన్నాయా అని చూస్తారు. ముక్కలో కొంత ఫార్మలిన్‌లో (ముక్కను నిల్వచేసే, క్రిములను చంపే ద్రావణంలో) వేయకుండా సెలైన్‌లో క్షయ కల్చర్‌కు (క్రిములను పెంచి చూసే పరీక్షకు) పంపమని ముందే అడగండి. పెట్ సీటీలోనూ (ఒంట్లో క్యాన్సర్ ఎక్కడెక్కడ ఉందో వెతికే స్కాన్), అవసరమైతే ఎముక మజ్జ పరీక్షలోనూ వేరెక్కడా లేదని తేలితేనే అది ఊపిరితిత్తిలో పుట్టిందని అంటారు. అనుమానం మిగిలితే, అదే బ్లాకులను (ముక్కను మైనంలో భద్రపరిచిన దిమ్మెలను) అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలో చూపించి రెండో అభిప్రాయం అడగవచ్చు.